ఫర్నేస్ షాపులో అయిదు నెలలు కట్టిన స్మార్ట్ బ్యాండు: నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది జిమ్ముకెళ్లేవాళ్ల వాచీ రివ్యూ కాదు. స్టెప్పులు, నిద్ర, కేలరీలు చూసుకునేవాళ్లకి యూట్యూబ్ నిండా వీడియోలున్నాయి. నేను బొబ్బిలి వైపు ఒక ఫెర్రో ఎల్లాయిస్ (ఉక్కు తయారీలో కలిపే మిశ్రమ లోహాలు) ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. మొన్న ఏప్రిల్లో మా వాళ్లు ఫర్నేస్ షాపు, అంటే లోహం కరిగించే పొయ్యి ఉండే విభాగం, మనుషులకి సేఫ్టీ బ్యాండని చెప్పి ఒకటి ఇచ్చారు, మా షిఫ్టుకి 22 వచ్చాయి, నేనూ ఒకటి కట్టుకున్నా, మొత్తం ఎండాకాలం దాంతోనే గడిచింది. కంపెనీ పేరు, బ్యాండు పేరు రాయను, ఉద్యోగం చేసుకోవాలి కదా. మార్కులు అడిగితే 5కి 3 వేస్తా. ఒక్క పని చేయకుండా ఉంటే 4 వేసేవాణ్ణి, ఆ ఒక్క పని ఏంటో కిందకి వస్తే తెలుస్తుంది.

చూడ్డానికి మామూలు ఫిట్‌నెస్ బ్యాండే, కాస్త మందం. రబ్బరు పట్టీ, చిన్న తెర, పక్కన ఎర్ర ఎస్‌ఓఎస్ బటను. వెనకాల ఆకుపచ్చ లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది, ఆ లైటు చర్మంలోకి పోయి ఎంత వెనక్కొస్తుందో చూసి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్క కడుతుంది. ఇంకో ఎర్ర లైటు ఆక్సిజన్ కోసం. చర్మం వేడి చూస్తుంది, మనిషి పడిపోతే కనిపెడుతుందట, ఎక్కడున్నాడో బ్లూటూత్ తో చెబుతుందట. ఈ "అట"లన్నీ ఒక్కోటీ చెప్తా.

మా పని తెలియనివాళ్లకి రెండు ముక్కలు. గరివిడి, చీపురుపల్లి వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, వాళ్ల తాతల కాలం నుంచీ మాంగనీసు గనుల మధ్యే ఉన్నారు. మాంగనీసు రాయి, కోక్ కలిపి ఫర్నేసులో వేస్తాం, పైనుంచి దిగిన ఎలక్ట్రోడ్లలో వేలకి వేల ఆంపియర్ల కరెంటు పారుతుంది, కరిగిన లోహాన్ని ట్యాప్ హోల్ (ఫర్నేసు కింద ఉండే కన్నం) తెరిచి ల్యాడిల్ అనే పెద్ద బకెట్ లోకి వదుల్తాం. పద్నాలుగు వందల డిగ్రీలు దాటిన లోహం అది. హోల్ తెరిచేటప్పుడు ఆక్సిజన్ పైపు పట్టుకున్నవాడికి ముందు అగ్గి, వెనకాల మే నెల, ఒంటి మీద తోలు కోటు, మొహానికి షీల్డు, చేతికి మోచెయ్యి దాకా గ్లవ్సు. ఆ గ్లవ్సు లోపల ఈ బ్యాండు. అదీ మొదటి తమాషా. మొదటివారం బ్యాండు "హై హార్ట్ రేట్" అని తెర మీద చూపిస్తూనే ఉంది, అది తోలు కింద ఎవరికి కనిపిస్తుంది చెప్పండి. అలారానికి బ్యాండు వణుకుతుంది కూడా, కానీ లాన్సింగ్ (ఆ ఆక్సిజన్ పైపుతో హోల్ తెరవడం) చేసేటప్పుడు చేతిలో పైపే అదురుతుంటే బ్యాండు వణుకు ఎవడికి ఆనుతుంది. చివరికి పట్టీ పొడుగువి తెప్పించి మోచెయ్యి పైన, జబ్బకి కట్టించాం. అప్పుడు వణుకూ తెలిసింది, రీడింగూ నిలకడగా వచ్చింది. మణికట్టు దగ్గర చెయ్యి ఊగుతూనే ఉంటుంది, చెమటకి జారుతుంది, జారితే లైటు పక్కకి పోయి అడ్డమైన నంబర్లు చూపిస్తుంది. ఇలాంటిది కొనేవాళ్లెవరైనా మొదట అడగాల్సింది జబ్బ పట్టీ ఉందా అని, యాప్ ఎంత బాగుంది అని కాదు.

ఇక గుండె వేగం. బ్యాండులో నిజంగా పనికొచ్చింది ఇదొక్కటే అన్నా తప్పులేదు. వచ్చినప్పుడు అందరికీ ఒకటే గీత పెట్టి ఉంది, 150 దాటితే అలారం. 24 ఏళ్ల కుర్రాడికీ 150, 52 ఏళ్ల పెద్దాయనకీ 150. కుర్రాళ్లకి ఊరికే మోగుతోంది, పెద్దాయనకి మోగాల్సినప్పుడు మోగట్లేదు. వేడిలో పనిచేసేవాళ్లకి ఒక లెక్క ఉంది, 180 లోంచి వయసు తీసేయాలి, వచ్చిన నంబరు కన్నా పైన గుండె కొన్ని నిమిషాలు అలాగే కొట్టుకుంటుంటే పని ఆపి కూర్చోబెట్టాలి. పెద్దాయనకి అది 128, కుర్రాడికి 156. ఇంకో లెక్క, కూర్చున్న నిమిషానికి కూడా 120 కిందకి దిగలేదంటే ఒళ్లు ఇంకా కుదుటపడలేదని. ఈ రెండూ పెట్టమని బ్యాండు వాళ్లకి చెప్తే మూడు వారాలు పట్టింది. పెట్టాక చూస్తే అలారాలు సగానికి సగం తగ్గాయి, మిగిలినవి చాలావరకు నిజమైనవే.

ఒక రోజు ట్యాపింగ్ (లోహం వదలడం) అయ్యి స్లాగు, అంటే లోహం మీద తేలే మడ్డి, లాగుతున్నారు, పెద్దాయనది మోగింది, 141. నా ఫోనులో కూడా వచ్చింది. మామూలుగా ఆయన్ని కూర్చోమంటే కూర్చోడు, పెద్దరికం, పక్కవాళ్లు నవ్వుతారని. ఆ రోజు ఆయనే షీల్డు ఎత్తి, జబ్బ మీద చెయ్యేసి చూసుకుని, ఫ్యాను దగ్గరికి నడిచొచ్చి కూలబడ్డాడు. మజ్జిగ ఇచ్చాం. నిమిషమైంది, 129. మూడు నిమిషాలు, 118. అప్పుడన్నాడు, "ఊరికే కూకుంటే పనిదొంగంటారు సారూ, ఈ గడియారం సెప్పిందంటే మరేటనరు." నాకు అప్పుడు తట్టింది ఈ బ్యాండు అసలు ఏం పని చేస్తోందో. గుండె దడ ఆయనకి తెలియక కాదు, ముప్పయ్యేళ్లు పొయ్యి దగ్గర ఉన్న మనిషికి తన ఒళ్లు తెలియదా. కూర్చోవడానికి ఒక సాక్షి కావాలి, అంతే. ఆ సాక్షి దొరికింది. ఆ తర్వాత మా షిఫ్టులో "నాది మోగింది" అని చెప్పి కూర్చోవడం అలవాటైంది, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, నేనైతే ఒక్క మాట అనలేదు.

ఇంకోటి కూడా దీనివల్లే కళ్లతో చూశా. సెలవుల తర్వాత సంగతి. ఊళ్లో అమ్మోరి పండగకి పది రోజులు వెళ్లొచ్చిన ఒకతను, వెళ్లకముందు అదే పనికి 120, 125 ఉండేవాడు, వచ్చిన మొదటి రోజు 150 దాటాడు. అలవాటు తప్పిందన్నమాట. వేడికి ఒళ్లు అలవాటు పడ్డానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, కొన్నాళ్లు దూరమైతే పోతుంది. పాత మనిషైనా మొదటి రోజు సగం పని, రెండో రోజు అరవై శాతం, మూడో రోజు ఎనభై, అలా పెంచాలని అమెరికాలో ఎన్‌ఐఓఎస్‌హెచ్ అని కార్మికుల ఆరోగ్యం చూసే ప్రభుత్వ సంస్థ చెబుతుంది, కొత్త మనిషికైతే మొదటి రోజు ఇరవై శాతమే. ఇదంతా నేను ఎప్పుడో ట్రైనింగులో విన్నదే, విని వదిలేసిందే. గ్రాఫులో చూశాక మాత్రం సెలవు నుంచి వచ్చినవాళ్లని మొదటి రెండు రోజులు యార్డులోనో, ల్యాడిల్ రిపేరులోనో వేస్తున్నా.

అయితే ఒక మోసం ఉంది, ఇది అమ్మేవాళ్లు చెప్పరు. మా క్రేన్ ఆపరేటర్‌కి బీపీ. రోజూ మాత్ర వేసుకుంటాడు. ఎంత ఎండలోనైనా ఆయన బ్యాండు ఎప్పుడూ మోగకుండా పచ్చగానే ఉండేది, మేమంతా "నీది గుండెకాయా రాయా" అని ఆటపట్టించేవాళ్లం. తర్వాత కంపెనీ డాక్టర్ చెప్పాడు, బీపీ మాత్రల్లో ఒక రకం, బీటా బ్లాకర్లంటారు, అటెనోలాల్, మెటోప్రొలాల్ లాంటివి, గుండె వేగాన్నే తొక్కిపెడతాయి, కాబట్టి ఒళ్లు ఎంత వేడెక్కినా నంబరు పైకి రాదు. అంటే ఎవరికి జాగ్రత్త ఎక్కువ కావాలో వాళ్లకే అలారం మోగదు. మందులేమైనా వాడుతున్నారా అని బ్యాండు ఇచ్చేటప్పుడు అడిగే కాగితం కూడా లేదు.

యార్డులో రాయి ఏరే చిన్నమ్మ సంగతి చెప్పకపోతే రివ్యూ పూర్తికాదు. ఆవిడ రెండు చేతులకీ మణికట్టు నుంచి పైకి పచ్చబొట్టు, పాతకాలం పద్ధతిలో పొడిపించుకున్నది, చుక్కలూ గీతలూ ఒత్తుగా. బ్యాండు కడితే తెర మీద గుండె నంబరు రావాల్సిన చోట రెండు గీతలు. తుడిచి కట్టాం, గీతలు. బిగించి కట్టాం, గీతలు. ఆవిడ తెర వైపు చూసి "నాను సచ్చిపోనానేటి బావూ, నాడి సూపిత్తం నేదు" అంది. యార్డంతా నవ్వులే నవ్వులు. లైటు లోపలికి పోకుండా ఆ పచ్చ రంగే అడ్డం పడుతోంది. ఆవిడకీ జబ్బ పట్టీ కడితే 84 అని వచ్చింది, "అమ్మయ్య, బతికున్నాను" అని మళ్లీ గంప ఎత్తుకుంది. నవ్వుకున్నాం గానీ మన ఉత్తరాంధ్రలో పచ్చబొట్టున్న చేతులెన్ని. దీన్ని తయారుచేసినవాడు ఏ చేతుల మీద పరీక్ష చేశాడో మరి. చర్మం రంగు గొడవ కూడా ఉందిక్కడ. వేలికి పెట్టే ఆక్సిమీటర్లు నల్లటి చర్మం ఉన్నవాళ్లకి ఆక్సిజన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తున్నాయని 2020లో ఒక పెద్ద అమెరికా వైద్య పత్రికలోనే వచ్చింది. మేమేమో పొయ్యి దగ్గర మరింత నల్లబడ్డవాళ్లం.

ఆక్సిజన్ దగ్గరికే వస్తున్నా, ఎందుకంటే అసలు భయపడాల్సింది ఇక్కడే. జూన్లో ఒక సీ షిఫ్టు (రాత్రి షిఫ్టు), ఎలక్ట్రోడ్ పేస్టు వేసే పై ఫ్లోరుకి వెళ్లా. గాలి లేదు, ఒక ఎగ్జాస్టు ఫ్యాను ఆగిపోయి ఉంది. పది నిమిషాలకి తల నొప్పి, నుదుటి మీద బిగించి కట్టినట్టు. నిద్ర చాలక అనుకున్నా. బ్యాండు చూస్తే ఆక్సిజన్ 98. 98 ఉందిలే అని ఇంకాసేపు నిలబడ్డా. అంతలో మెయింటెనెన్స్ వాడు పైకొచ్చాడు, వాడి కాలరుకి పాత గ్యాస్ డిటెక్టర్ క్లిప్ ఉంది, మెట్లు ఎక్కుతుండగానే కూత మొదలైంది, తొంభై పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో తొంభై పాళ్లు) పైన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. 2025 నవంబరు దాకా ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఎనిమిది గంటల సగటే 50 దాటకూడదని ఉండేది. ఇద్దరం దిగిపోయాం, కింద గాలికి కూర్చుంటే గానీ తల నొప్పి దిగలేదు.

మరి 98 ఎలా చూపించింది? బ్యాండు చెడిపోలేదు, దాని తీరే అంత. ఎర్ర లైటు వేసి రక్తం రంగు చూస్తుంది, ఆక్సిజన్ పట్టిన రక్తం ఎర్రగా ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా అంతే ఎర్రగా ఉంటుంది, ఆ లైటుకి రెండూ ఒకటే. పైగా ఆ గ్యాసు ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లు పైగా గట్టిగా రక్తానికి అంటుకుంటుంది, రంగు లేదు, వాసన లేదు. అంటే మనిషి గ్యాసు తాగి తూలిపోతున్నా బ్యాండు 98, 99 అని ధైర్యం చెబుతూనే ఉంటుంది. ఫెర్రో ఎల్లాయిస్ షాపులో ఆక్సిజన్ నంబరు చూపించే బ్యాండు ఇవ్వడమంటే నా దృష్టిలో లేనిపోని ధైర్యం ఇవ్వడమే. మరుసటి రోజే మా షిఫ్టు గ్రూపులో పెట్టా, పై ఫ్లోరులో ఆ నంబరు ఎవరూ చూడొద్దు, క్లిప్ లేకుండా ఎవరూ ఎక్కొద్దు అని. క్లిప్పులు రెండే ఉండేవి, కొట్లాడి ఇంకో నాలుగు తెప్పించా. ఒక్కోటి పదివేలు దాటుతుంది, సెన్సరు రెండేళ్లకో మూడేళ్లకో మార్చాలి, అప్పుడప్పుడు టెస్టు గ్యాసు పట్టి చూసుకోవాలి. బ్యాండుకి పెట్టే డబ్బులు మొదట దీనికి పెట్టాలని నా మాట.

మిగతావి త్వరగా కానిచ్చేస్తా. చర్మం వేడి అనేది పొయ్యి దగ్గర వృథా, ఫర్నేసు వైపు చెయ్యి చాపితే 41, వెనక్కి తిరిగితే 36, అది మన ఒంటి వేడి కాదు, పొయ్యి వేడి. పడిపోతే కనిపెట్టేది సమ్మెట దెబ్బకల్లా "మనిషి పడ్డాడు" అని నా ఫోనుకి పంపేది. ఒకడు ల్యాడిల్ కి అంటుకున్న గడ్డ కొడుతుంటే పావుగంటలో ఏడుసార్లు పడ్డాడు పాపం. నిజంగా మెట్ల మీద జారి కూలబడ్డవాడికి మాత్రం మోగలేదు, నెమ్మదిగా జారాడట. లొకేషన్ ఇంకా కామెడీ, చుట్టూ ఇనుమే కదా, ఒక రాత్రి ఇద్దరు మనుషులు ఫర్నేసు లోపల ఉన్నారని చూపించింది. ఎస్‌ఓఎస్ బటను బాగుంది, నొక్కితే నాలుగైదు సెకన్లలో ఫోను మోగుతుంది, గ్లవ్సుతో కూడా నొక్కొచ్చు. బ్యాటరీ మూడు రోజులు అన్నారు, రెండు షిఫ్టులు వచ్చింది. పట్టీ కింద చెమటకి నలుగురైదుగురికి దద్దుర్లు లేచాయి, షిఫ్టు అవగానే కడిగి ఆరబెట్టుకోవాలి, మంచం మీద కూడా కట్టుకుని పడుకోవద్దు. నీళ్లు తాగమని ఇరవై నిమిషాలకోసారి గుర్తుచేస్తుంది, గ్లాసుడు నీళ్లు. అది ఎవరికీ విసుగనిపించలేదు. మా షాపులో ఉద్దానం నుంచి వచ్చినవాళ్లు నలుగురున్నారు, అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్లయినా తేలలేదు, వాళ్లకి నీళ్ల మాటంటే మిగతావాళ్లలా కాదు, బాటిలు పక్కన పెట్టుకునే పని చేస్తారు.

మార్కు తగ్గించిన సంగతి ఇప్పుడు.

జులైలో నాకు బ్యాండ్ల లెక్కలన్నీ కనిపించే డ్యాష్‌బోర్డు లాగిన్ ఇచ్చారు. సేఫ్టీ పేజీ ఒకటి, పక్కనే "ప్రొడక్టివిటీ" అని ఇంకోటి. తెరిస్తే మనిషికో వరస, షిఫ్టులో ఎన్ని నిమిషాలు కదిలాడు, ఎన్ని నిమిషాలు "ఐడిల్", అంటే ఖాళీగా ఉన్నాడు. బ్యాండులో కదలిక సెన్సరు ఉంటుంది కదా, చెయ్యి కదలకపోతే ఐడిల్. నెల లెక్కలో మా షిఫ్టులో అందరికన్నా ఐడిల్ ఎక్కువ ఎవరికనుకున్నారు? మా పెద్దాయనకి. మోగినప్పుడల్లా కూర్చున్నాడు కాబట్టి. కూర్చోమని చెప్పిందీ ఆ బ్యాండే, కూర్చున్నాడని చాడీ చెప్పిందీ ఆ బ్యాండే. రెండో స్థానం నాది, కంట్రోల్ రూములో కుర్చీలో కూర్చుని ప్యానెల్ చూడటం నా ఉద్యోగం మరి. ఎవరికి తక్కువ? సమ్మెట కుర్రాడికి, దానికి తోడు విరామంలో ఫోనులో గేమ్ ఆడతాడు, చేతులు కదులుతూనే ఉంటాయి.

దీన్ని నేను పెద్దాయనకి చెప్పలేదు, కానీ ఇలాంటివి దాగవు. కాంట్రాక్టరు మనిషి ఎవరితోనో అన్నాడు, వాళ్లు ఇంకొకరితో అన్నారు. ఆగస్టు మొదటివారం నుంచి బ్యాండ్లు పనిచేయడం మానేశాయి, అంటే చార్జింగ్ పెట్టడం మర్చిపోతున్నారు, లాకరులో వదిలేస్తున్నారు, ఒకడైతే ఫ్యాను రెక్క జాలీకి కట్టాడు, అది అదిరినంతసేపూ వాడు తెగ పనిచేస్తున్నట్టు. తెలివికి నవ్వొచ్చింది గానీ, ఆ రోజు వాడి గుండె లెక్క నా దగ్గర లేదు, ఎండేమో మండిపోతోంది. ఏప్రిల్ నుంచి కష్టపడి తెచ్చుకున్న అలవాటు రెండు వారాల్లో పోయింది.

ఇదంతా ఎవరెవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు అని అడిగితే సరైన జవాబు రాలేదు. 2023లో వ్యక్తిగత డేటా చట్టం అయితే వచ్చింది, అందులో ఉద్యోగ అవసరాలంటూ యజమానికి కొంత వెసులుబాటూ ఉంది. కాబట్టి చట్టం చూసుకుంటుందిలే అనుకోకుండా, బ్యాండు కట్టుకునే ముందే సంతకం కాగితం మీద రాయించుకోవాలి, గుండె లెక్క జీతానికీ, కాంట్రాక్టు రెన్యూవల్ కీ వాడబోమని. మేం రాయించుకోలేదు.

మా బావ పైడిభీమవరంలో మందుల కంపెనీలో చేస్తాడు, మాకూ కొనిపించమంటావా అని అడిగాడు. వద్దన్నా, వాళ్లకి సాల్వెంట్లు ఉండే చోట మామూలు బ్యాండు, ఫోను లోపలికే పోనివ్వకూడదు, నిప్పురవ్వ రాని రకమని సర్టిఫికెట్ ఉన్నవే వాడాలి, వాటి రేటు వేరే. పలాసలో జీడిపప్పు బట్టీల దగ్గర వేయించేవాళ్లకి, టెక్కలి వైపు క్వారీల్లో చేసేవాళ్లకి గుండె వేగం వరకు పనికొస్తుంది, కానీ వాళ్ల అసలు బాధ జీడి రసానికి కాలే చేతులు, రాతి దుమ్ము. ఆ రెండూ ఏ బ్యాండుకీ కనపడవు. మాక్కూడా అంతే, మాంగనీసు పొగ ఏళ్లతరబడి పీలిస్తే నరాలకి పట్టి చేతులు వణుకుతాయి, నడక మారిపోతుంది, దానికి మంచి మాస్కు, పొగ లాగే హుడ్డు కావాలి గానీ వాచీ ఏం చేస్తుంది.

ఐడిల్ కాలమ్ మీద మీటింగులో అరిచినంత పని చేశా. సరే తీయిస్తాం అన్నారు, వారంలో నా లాగిన్లో ఆ పేజీ మాయమైంది. షిఫ్టువాళ్లకి నేనే వెళ్లి చెప్పా, తీసేశారు, కట్టుకోండర్రా అని. పెద్దాయన నా మొహం చూసి జబ్బకి కట్టుకున్నాడు, ఆయన్ని చూసి ఒక పదిమంది కట్టారు. మొన్న సోమవారం లీవు కాగితం ఇద్దామని హెచ్‌ఆర్ రూముకి వెళ్తే టేబుల్ మీద ఒక ప్రింటు ఉంది, మా షిఫ్టు పేర్లే, పక్కన నిమిషాలు. కాలమ్ పేరు మాత్రం ఐడిల్ కాదు, "అవైలబిలిటీ" అని ఉంది.